మీ నాయన ఏం జేస్తుండె?

ఈసారి దీపావళి దాటినా సీతాఫలాల సంచి రాలేదు. మా ఇంటామె రెండుసార్లు అడిగింది, "సిరిసిల్ల ఆయన రాలేదేంది ఈ యేడు?" అని. ఫోన్ చేద్దామంటే ఆయనకు ఫోన్ల మాట వినపడదు. ముప్ఫై ఏండ్లకు పైగ మరమగ్గాల నడుమ నిలబడ్డ చెవులవి. సిరిసిల్ల పాత విద్యార్థి ఒకడు ఏదో సంతకం కోసం జగిత్యాలకు వచ్చి, లేచి పోయేటప్పుడు ఆయన సంగతి అడిగితే చెప్పిండు: "ఆయన పోయి నెల దాటింది గద సార్. మీకు తెల్వదా?"

తెల్వదు. నాకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో తర్వాత తెలిసింది.

సిరిసిల్ల కాలేజీల నేను బాటనీ లెక్చరర్‌గ చేరినప్పుడు, నేత పనోళ్ల గల్లీల ఒక మేడ మీది గది కిరాయికి దొరికింది. కింద షెడ్డు, షెడ్డుల ఎనిమిది సాంచెలు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటరు. అవి నడుస్తుంటే గోడకు ఆనిన మంచం సుత అదిరేది. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. గల్లీల చప్పుడంత ఒక్కసారి ఆగేసరికి నాకు ఏదో అయిందనిపించి కిందికి దిగిన. షెడ్డు గడప మీద ఒకాయన కూసున్నడు. నెత్తి మీద, కనుబొమల మీద దూది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చిండు. ఇచ్చి, గల్లీ ఆ కొసదాక వినపడేటట్టు అడిగిండు:

"కొత్త సారు మీరేనా? మీ నాయన ఏం జేస్తుండె సార్?"

పేరడగలేదు, ఊరడగలేదు.

"వకీలు. జగిత్యాలల," అన్న.

"మీ తాత?"

"మల్యాల దిక్కు మా ఊరు. భూములుండె."

"దొరలా?"

"అట్లనే అనేటోళ్లు."

ఆయన బొటనవేలును తన చూపుడువేలి కణుపుల మీద ఒక్కొక్కటిగ పెట్టుకుంట పోయిండు. "తాత దొర. నాయన వకీలు. మీరు లెక్చరర్. మంచిగున్నది సార్." ఆ మాటల వెక్కిరింపు లేదు. నిజంగనే మంచిగున్నదని అన్నడు. మళ్ల అదే వేలు మీద తనది చెప్పిండు. "మా తాతది గుంత మగ్గం. మా నాయన బొంబాయి దిక్కు భీవండి పోయి సాంచెలు నడిపిండు. నేను గీడ నడుపుతున్న." మూడు కణుపులు అయిపోయినయి. బొటనవేలు లేపి పక్క వేలి మీద పెట్టిండు. "నా బిడ్డకు వేలు మార్చాలె సార్."

బిడ్డ అప్పుడు ఏడో తరగతి. ఒక్కతే బిడ్డ.

ఆయన నాకంటే ఆరేండ్లు పెద్ద. నేను ఆయనను పేరు పెట్టి పిలిచేటోణ్ణి. ఆయన నన్ను సార్ అనేటోడు. ఇందుల ఏదన్న తేడా ఉన్నదని ఆ రోజుల్ల నాకు తట్టనే లేదు.

షెడ్డుల మాటలు నడవవు. అన్నీ చేతులతోనే. అరచెయ్యి నోటి కాడికి పోతే నీళ్లు, రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడితే పోగు తెగిందని. ఏ సాంచె మొరాయిస్తున్నదో వినపడక, దాని చట్రం మీద అరచెయ్యి ఆనించి చూసేటోడు, జరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. బయటికి వచ్చినంక సుత ఆయనకు మనుషుల మాట సగమే అందేది. మిగిలిన సగం పెదవులు చూసి తెలుసుకునేటోడు. మాట్లాడేటప్పుడు మనం మొఖం తిప్పుకుంటే, మెల్లగ భుజం మీద చెయ్యేసి తన దిక్కు తిప్పుకునేటోడు.

ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఎవ్వరినీ అడగకుండ విడువలేదు. బస్సు కండక్టరును అడిగిండు. బ్యాంకుల మేనేజరును అడిగిండు. చెవుల పరీక్షకు కరీంనగర్ తోలుకపోతే, డాక్టరు చెవుల లైటు పెట్టి చూస్తుంటే ఆయన్ని సుత అడిగిండు. డాక్టరు నవ్వి, "మా నాన్న కూడా డాక్టరేనండీ," అన్నడు. ఈయన తల ఊపి, బొటనవేలు ఒక కణుపు జరిపిండు. వచ్చేటప్పుడు బస్సుల నాకు చెప్పిండు:

"నాకు సదువు లేదు సార్. గిదే నా సదువు. కనవడ్డోన్నల్ల అడుగుత. నేసేటోని ఇంట్లకెల్లి డాక్టరైనోడు నాకు ఒక్కడే దొరికిండు."

"మరి మంచిదే గద?"

"గాయన మేనమామ పట్నంల పెద్ద డాక్టర్ సార్. మేనమామ ఇంట్లనే ఉండి సదివిండు."

బస్సుల అందరు తిరిగి చూసిండ్రు. ఆయన గొంతు గట్లనే ఉండేది. రహస్యం చెప్పుడు ఆయనకు చేతగాదు.

ఒకసారి తాసిల్ ఆఫీసుకు పోయిండు, ఏదో సర్టిఫికెట్ కోసం. కొత్తగ వచ్చిన తాసిల్దార్ మేడంను అలవాటు ప్రకారం అడిగిండు. ఆమె కోప్పడలేదు. "మా నాయన కూలి పని చేసేటోడు పెద్దయ్యా," అన్నదట. ఈయన సర్టిఫికెట్ అక్కడనే విడిచిపెట్టి ఇంటికి ఉరికిండు. బడి నుంచి బిడ్డను పిలుచుకొని, మళ్ల ఆఫీసు కాడికి పోయి, కిటికీ బయట నిలబెట్టి చూపించిండు. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, ఆ పిల్లనే చెప్పింది కొన్నేండ్ల తర్వాత, ఇంటర్ల నా క్లాసుకు వచ్చినంక. "మా నాయన నన్ను అర్ధగంట నిలబెట్టిండు సార్. గామె ఏం జేస్తలేదు, సంతకాలు పెడుతున్నది. సూడు సూడు అంటడు. నాకు సిగ్గయింది," అన్నది. చెప్పుకుంట నవ్వింది. ఆ నవ్వుల సిగ్గు లేదు.

ఆ పిల్ల చదువు గురించి ఎక్కువ చెప్పను. కిటికీ పక్క బెంచిల కూసునేది. ఆకు అడ్డుకోత బొమ్మ వేస్తే చెరిపి దిద్దే అవసరం ఉండకపోయేది. బుక్కులు నా దగ్గరివే తీసుకపోయి, అట్టలు వేసి తిరిగిచ్చేది. వాళ్లమ్మ ఇంట్ల రాట్నం మీద నూలు కండెలు చుడుతుంటే, ఈ పిల్ల ఆ చప్పుడులనే చదివింది. మెడిసిన్ ఎంట్రన్సుల కొద్దిల సీటు పోయింది. అదే సంవత్సరం మా ఇంటామె తమ్ముని కొడుకు, నాకు అల్లుని వరుస, వాడు సుత రాసిండు. వానికి కొద్దిల కాదు, చానా దూరంల పోయింది. వాణ్ణి హైదరాబాద్‌ల లాంగ్‌టర్మ్ కోచింగుల వేసిండ్రు. మరుసటేడు రాలేదు, మళ్ల వేసిండ్రు.

ఆయన నా గదికి వచ్చిండు. నిలబడే అడిగిండు.

"ఇంకొక్క యేడు సదివితె అస్తదంటున్నరు సార్. నిజమేనా?"

"రావచ్చు," అన్న.

"రాకపోతె?"

ఆయన కొంతసేపు నా పెదవుల దిక్కే చూసిండు. అవి కదలలేదు.

"మాకు ఒక్కటే సారి సార్," అని దిగిపోయిండు.

పిల్ల బీఎస్సీ చేసింది, కరీంనగర్‌ల ఎమ్మెస్సీ చేసింది. మా అల్లునికి మూడోసారి సుత సీటు రాకపోతే వేరే రాష్ట్రంల ఒక ప్రైవేటు కాలేజీల అగ్రికల్చర్ చదివించిండ్రు. మా ఇండ్లల్ల పిల్లలు పడితే కింద ఎవరో ఒకరు చేతులు పట్టి ఉంటరు. ఒక దిక్కు కాకపోతే ఇంకో దిక్కు నిలబెడుతరు. నా సంగతి సుత అంతే. నేను మొదటిసారి డిగ్రీ తప్పిన. మా నాయన ఏమీ అనలేదు, మళ్ల ఫీజు కట్టిండు. ఆ ముచ్చట నేను సిరిసిల్ల ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

అప్పటికి నేను బదిలీ అయి జగిత్యాలకు వచ్చిన. కోరుట్లల నా చిన్ననాటి దోస్తు ఒకడు విత్తనాల కంపెనీ పెట్టి పైకి వచ్చిండు. ల్యాబుల విత్తనాలు పరీక్ష చేసేందుకు మనిషి కావాలె, పర్మనెంటు ఉద్యోగమని తెలిసింది. ఆ మాట సిరిసిల్ల ఆయనకు ఎట్ల చేరిందో చేరింది. రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చిండు. బిడ్డ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరుల, దాని మీద ఇంకో కవరు. మా ఇంట్ల ఆయన ఎప్పుడు వచ్చినా కుర్చీ కొసకే కూసునేటోడు.

"మీరు ఒక్క మాట చెప్తె అయితదట గద సార్."

"చెప్త," అన్న. అన్నప్పుడు చెప్పాలనే అన్న.

మూడు రోజులకు మా బామ్మర్ది వచ్చిండు. కొడుకు ఇంటికాడ ఖాళీగ ఉన్నడని, ఎక్కడన్న చూడమని అన్నడు. అంతే అన్నడు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మా ఇంటామె ఒక్క మాట సుత అనలేదు. ఇది ఉన్నది ఉన్నట్టు రాయాలె.

కోరుట్లకు పోయేటప్పుడు సంచిల రెండు ఫైళ్లు పెట్టుకున్న. ఇద్దరి సంగతీ చెప్తనని నాకు నేను చెప్పుకున్న. నా దోస్తు లోపలికి పిలిచి కూసోబెట్టి, "ఒక్కటే పోస్టురా. ఎవరన్న ఉన్నరా మనోళ్లు?" అన్నడు.

మనోళ్లు అనే మాట విన్నంక నా చెయ్యి సంచిలకు పోయి మా అల్లుని ఫైలునే తీసింది. వాడు మొదటి పేజీ తిప్పిండు. "మీ బామ్మర్ది కొడుకేనా?"

"అవును."

"ఇంక చూసేదేమున్నది మరి."

చాయ వచ్చింది. ఇంకో ఫైలు ఉన్నదని చెప్దామనుకుంటనే చాయ తాగిన. ఊరి ముచ్చట్లు, అందరి పిల్లల ముచ్చట్లు అయినయి. సంచిల ఆ ప్లాస్టిక్ కవరు అట్లనే ఉన్నది. బస్సుల ఒళ్లె పెట్టుకొని జగిత్యాలకు వచ్చిన.

రెండు వారాలకు ఆయన వచ్చిండు. మా వరండల కుర్చీ కొసకు కూసోని, ముందుకు వంగి, నా మూతి దిక్కు చూసుకుంట అడిగిండు.

"చెప్పిండ్రా సార్?"

మొఖం తిప్పుకుంటే భుజం పట్టి తిప్పుతడని తెలుసు. అందుకని తిప్పుకోలేదు.

"చెప్పిన," అన్న. ఆయనకు అర్థమయ్యేటట్టు పెదవులు మంచిగ కదిపి చెప్పిన. "వాళ్లు అప్పటికే వేరేటోళ్లను తీసుకున్నరు."

కోపానికి వస్తడేమో, ఇంకోసారి అడగమంటడేమో అనుకున్న. ఆయన లేచి నా చెయ్యిని రెండు చేతులల్ల పట్టుకున్నడు. నూనె మరకలు తేలిన చేతులు, వేళ్ల సందుల పోగులు కోసిన గీతలు.

"కోరుట్ల దాక పోయిండ్రా సార్, నా బిడ్డ కోసం?"

"పోయిన."

"మాకు గట్ల పోయేటోడు ఇప్పటిదాక ఎవ్వడు లేకుండె సార్."

కవరు తీసుకొని పోయిండు. ఉద్యోగం రాని మనిషి లెక్క పోలేదు. అది నాకు ఇంకా కష్టమైంది. అయితే ఆ కష్టం రెండు రోజులే ఉన్నది.

ఆ యేటి నుంచి ప్రతి యేడు సీతాఫలాల కాలంల సంచి పట్టుకొని వచ్చేటోడు. ముస్తాబాద్ దిక్కు ఎవరో తెలిసినోళ్ల చెల్క కాడికి పోయి, తనే ఏరి తెచ్చేటోడు. పండ్లు నలగకుండ నడుమ నడుమ సాంచె మీది గుడ్డ పేలికలు పెట్టేటోడు. వద్దు అనేటోణ్ణి. ఒక్కసారన్న గట్టిగ అనలేదు. పండ్లు తిన్నం.

పిల్ల ఒక ప్రైవేటు బడిల చెప్పింది కొన్నాళ్లు. కరోనాల బడి మూతపడ్డది, మళ్ల తెరిచినప్పుడు పాతోళ్లందరిని పిలువలేదు. లగ్గమైంది, మొగడు మస్కట్ పోయిండు. ఆ తర్వాత సిరిసిల్లల ఒక బట్టలు కుట్టే షెడ్డుల మిషిన్ మీద కూసున్నది. షర్టులకు కాలర్లు కుట్టుడు. ఆ సంగతి చెప్పనీకి వచ్చిన రోజు ఆయన మా వరండల చానాసేపు కూసున్నడు. చూపుడువేలు ముందర పెట్టుకొని, "గీ వేలుకు నాలుగో కణుపు లేదు సార్," అన్నడు. "ఎక్కడ పెట్టాలె నా బిడ్డను?"

నేను ఏదో అన్న. కష్టపడితే ముందుకు పోతదని, వయసున్నదని, పరీక్షలు రాయమని. క్లాసుల పిల్లలకు చెప్పే మాటలే. ఆయన నా పెదవులు చదువుకుంట తల ఊపిండు. అప్పటికి మా అల్లుడు కోరుట్ల నుంచి కంపెనీ హైదరాబాద్ ఆఫీసుకు పోయి మేనేజర్ అయిండు. వాడు చెడ్డోడు కాదు. పని మంచిగనే చేస్తడు. కాకపోతే ఆ పని ఆ పిల్ల సుత మంచిగనే చేసేది.

పోయినేడు వచ్చినప్పుడు మా ఇంటి మూడు మెట్లు ఎక్కనీకి రెండుసార్లు ఆగిండు. దమ్ము వస్తున్నది. ఊపిరితిత్తులల్ల దూది పేరుకున్నదని డాక్టర్లు చెప్పిండ్రట. గొంతు సుత సన్నబడ్డది. ఆయన మెల్లగ మాట్లాడుడు నేను అదే మొదలు వినుడు.

చావు కబురు తెలిసిన మరునాడు సిరిసిల్లకు పోయిన. గల్లీల సగం షెడ్లకు తాళాలు. వాళ్లవి రెండు గదులు, కిరాయివే. ఆయన భార్య రాట్నం ముందర కూసోని కండెలు చుడుతున్నది. నన్ను చూసి రాట్నం ఆపింది, కూసోండ్రి సార్ అని పీట వేసింది.

"ఆఖరికి మాట వడిపోయింది సార్. సైగలే," అన్నది. "మంచిగున్నప్పుడు మాత్రం మీ ముచ్చటనే. నా బిడ్డ కోసం జగిత్యాల సారు కోరుట్ల దాక పోయిండని గల్లీల చెప్పని ఇల్లు లేదు. మీకు కబురు చెయ్యాలని నేనంటె, బిడ్డనే వద్దన్నది. సారుకు ఎందుకమ్మా శ్రమ అన్నది."

ఇంతల బిడ్డ వచ్చింది. అన్నం తినే టైముకు షెడ్డుల అర్ధగంట విడుస్తరట. మెడల టేపు అట్లనే ఉన్నది. ముప్ఫై కాకముందే చెంపల కాడ తెల్లవెంట్రుకలు. నమస్తే సార్ అన్నది. నిలబడే నాలుగు ముద్దలు తిన్నది. నేను లేస్తే, "నేను గా దిక్కే పోతున్న, రోడ్డు దాక వస్త సార్," అన్నది.

గల్లీ మలుపు దాటినంక నేను ఆగిన. చెప్పకుంటే ఇంక ఎన్నడూ చెప్పనని తెలుసు.

"అమ్మా, ఆ కోరుట్ల ఉద్యోగం సంగతి. నేను ఆ రోజు..."

"తెలుసు సార్," అన్నది.

నేను ఆమె మొఖం దిక్కు చూడలేకపోయిన.

"నెల రోజులకు నేనే పోయిన కోరుట్లకు. ఇంకేమన్న ఖాళీ ఉన్నదా అని. నా కాగితాలు ఇంతకుముందు వచ్చినయి గద, చూడుండ్రి అంటె, క్లర్కు రిజిస్టర్ అంత చూసిండు. గీ పేరు మీద ఏం రాలేదమ్మ అన్నడు. ఎవరిని తీసుకున్నరో సుత చెప్పిండు. జగిత్యాల సారు వాళ్లోళ్లే అన్నడు." ఆమె గొంతుల కోపం లేదు. బడిల పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"మరి మీ నాయనకు..."

"చెప్పలే. పోస్టు నిండింది, మీరు చెప్పింది నిజమే అని చెప్పిన. చెప్పి ఏం జేయాలె సార్? మా తాత కోసం పోయి అడిగేటోడు లేడు. మా నాయన కోసం లేడు. నా కోసం ఒకలు పోయిండ్రని ఇంటింటికి చెప్పుకుంట తిరిగిండు. ఉద్యోగం ఎట్లాగు పాయె. గా మాట సుత ఆయన దగ్గర నేనే గుంజుకోవాల్నా?"

"తప్పు చేసిన," అన్న.

ఆమె ఎదురుంగ వస్తున్న ఆటోకు చెయ్యి అడ్డం పెట్టింది. "సారును బస్టాండ్ల దించు," అని డ్రైవరుకు చెప్పింది. నేను ఎక్కి కూసున్నంక లోపలికి వంగింది.

"మా అమ్మకు గూడ తెల్వది సార్. ఆమె సుత గట్లనే అనుకుంటున్నది. మీరు మళ్ల రాకుండ్రి."

ఆటో కదిలింది. కొంచెం దూరం పోయినంక వెనక్కి తిరిగి చూసిన. ఆమె అప్పటికే షెడ్డు దిక్కు నడుస్తున్నది, అర్ధగంట దాటకముందే అందుకోవాలని, జెర జల్దిగ.